వినైల్ లైనర్ వేసిన స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొనొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో ఒక ఇల్లు చూశాం. ఇల్లు, కాగితాలు అన్నీ బాగున్నాయి. పెరట్లో నేలలోకి దింపిన స్విమ్మింగ్ పూల్ ఉంది. మనవైపు మామూలుగా కనిపించే టైల్స్ పూల్ కాదు, లోపలంతా నీలం వినైల్ (ప్లాస్టిక్) షీటు, దీన్నే లైనర్ అంటారు.

నీళ్ల మట్టానికి పైన షీటు రంగు వెలిసి, నొక్కితే అట్టలాగా గట్టిగా ఉంది. మెట్ల పక్క మూలలో అంచు గాడిలోంచి జానెడు మేర ఊడొచ్చింది. అడుగున ముడతలు. లైనర్ పదేళ్లు అటూఇటూ అయితే మార్చాల్సిందేనట, దీని వయసు అమ్మే ఆయనకే సరిగా గుర్తులేదు.

"నీళ్లన్నీ తోడించి చూపిస్తా" అన్నారాయన. నేనే వద్దన్నాను. పాత షీటు ఆరితే కుంచించుకుపోయి, మళ్లీ నింపేటప్పుడు చిరుగుతుంది కదా. పైగా 2021 నవంబర్ వానలకు స్వర్ణముఖి ఎలా పొంగిందో మనమంతా చూశాం. భూగర్భజలం పైకొచ్చినప్పుడు పూల్ ఖాళీగా ఉంటే షీటు తేలిపోతుంది, గోడలకూ ప్రమాదమే. ముడతలు అందుకే వచ్చాయేమోనని నా అనుమానం.

నీళ్లు తీయకుండా లీకు ఎలా కనిపెట్టాలి? పూల్ మెట్టు మీద నీళ్లు నింపిన బకెట్ పెట్టి, బకెట్లో, పూల్‌లో మట్టం ఎంత తగ్గిందో ఒక రోజు తర్వాత పోల్చి చూస్తే చాలా? షీటు వెనక గోడ స్టీలా, కాంక్రీటా అనేది ఎలా తెలుస్తుంది? కాంక్రీటైతే షీటు తీసేసి టైల్స్ వేయించడం మేలా? కొలతలు తీసి కొత్త లైనర్ వేసేవాళ్లు తిరుపతిలో ఉన్నారా, చెన్నై నుంచి పిలిపించాలా?

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఇలాంటి పూల్ వాడినవాళ్లు ధరలో ఎంత తగ్గించమని అడగాలో కూడా చెప్పండి.