గోల్ఫ్ ట్రిప్‌కి పది మంది చేతులెత్తారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న

వచ్చే జూన్‌లో స్కాట్లాండ్ వెళ్దామా అని ఒక రాత్రి మా వాట్సాప్ గ్రూపులో నోరు జారాను. తెల్లారేసరికి తొమ్మిది మంది "నేనూ రెడీ" అనేశారు, నాతో కలిపి పది. ఏర్పాట్లన్నీ ఎవరి నెత్తిన పడ్డాయో వేరే చెప్పాలా! మాలో ఒకడి హ్యాండికాప్ (ఆటగాడికి ఇచ్చే అదనపు దెబ్బల లెక్క, ఎంత తక్కువైతే అంత బాగా ఆడతాడని) 6. ఇద్దరు పోయినేడే క్లబ్బు (గోల్ఫ్ కర్ర) పట్టారు. మిగతా వాళ్లం 18 నుంచి 28 మధ్యలో ఉన్నాం. వారం రోజులు, రోజుకి రెండు రౌండ్లు, దిగిన మర్నాడే సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని పేరుమోసిన గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సు అని కాగితం మీద రాసుకున్నాను. విమాన టికెట్లు ముందు తీసుకోవాలా, టీ టైములా (కోర్సులో ఆట మొదలుపెట్టే సమయాల బుకింగ్), బండా? వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి.

జవాబు 1

వాటిలో ఏదీ కాదు. ముందు అడ్వాన్సు వసూలు చేయండి. ఎంతైనా సరే, వెనక్కి ఇవ్వనని ముందే చెప్పి, వారం గడువు పెట్టండి. చేతులెత్తిన వాళ్లు వేరు, డబ్బు కట్టేవాళ్లు వేరు. నేను ఇది చేయకుండా బుకింగులు మొదలుపెట్టి, చివర్లో ఇద్దరు జారుకుంటే వాళ్ల వాటా ఆరు నెలలు మోశాను. ఆ ఇద్దరూ ఇప్పటికీ స్నేహితులే, అది వేరే సంగతి.

లెక్క తేలాక మిగతావి చూడొచ్చు. ఎనిమిది మందైతే హాయి, నలుగురు చొప్పున రెండు జట్లు. పది మందైతే మూడు టీ టైములు వరుసగా దొరకాలి, జూన్‌లో అది కష్టం.

ఓల్డ్ కోర్సు మీద ట్రిప్ మొత్తం నిలబెట్టకండి. ముందే బుక్ చేసుకున్న వాళ్లు పోగా మిగిలిన టైములకు బ్యాలట్, అంటే లాటరీ ఉంటుంది. ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు పేర్లు ఇవ్వాలి, ఒక్కో ఎంట్రీలో ఇద్దరి నుంచి నలుగురి వరకు. హ్యాండికాప్ రుజువు కూడా దగ్గర పెట్టుకోవాలి, కాబట్టి మీ కొత్తవాళ్లిద్దరి సంగతి ఇప్పుడే తేల్చుకోండి. మేము ఐదు రోజులు వరుసగా పేర్లిస్తే ఒక్కసారి తగిలింది, అదీ నలుగురికే. మిగతా నలుగురం ఆ రోజు న్యూ కోర్సులో ఆడాం. పేరుకే న్యూ, తెరిచింది 1895లో! జూబిలీ, ఈడెన్ కోర్సులు కూడా పక్కపక్కనే ఉన్నాయి. వీటిలో ముందే టైములు తీసుకుని ఓల్డ్ కోర్సు వస్తే లాభం అనుకోండి.

ఆదివారం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు. జనం కుక్కల్ని వెంటబెట్టుకుని ఫెయిర్‌వేల (ఆడే గడ్డి దారుల) మీద షికారు చేస్తుంటారు. బ్యాలట్ తగలని మేము కూడా వెళ్లి అక్కడి పేరుమోసిన చిన్న రాతి వంతెన స్విల్కన్ బ్రిడ్జి మీద ఫొటోలు దిగాం. 5వ హోల్‌కీ 13వ హోల్‌కీ గ్రీన్ (బంతి పడాల్సిన గుంత ఉండే నున్నటి గడ్డి) ఒకటే. ఇలాంటి జంట గ్రీన్లు ఏడున్నాయి, ఏ జంట అంకెలు కలిపినా 18 వస్తుంది. ఇది తెలిసిన మా వాడొకడు రోజంతా లెక్కలు వేస్తూనే ఉన్నాడు.

రోజుకి రెండు రౌండ్లా? జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది, నిజమే. వెలుతురుకు అలుపు లేదు గానీ మోకాళ్లకుంది. ఎక్కువ భాగం నడకే, పైగా సముద్రపు గాలి. రెండు రోజులు రెండేసి రౌండ్లు పెట్టుకుని, ఒక రోజు పూర్తిగా ఖాళీ వదలండి. దిగిన మర్నాడు మాత్రం పెద్ద కోర్సు వద్దు. నిద్ర చాలక నేను మొదటి టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) మీదే మూడు బంతులు పోగొట్టాను.

బండి మాటకొస్తే, ఎనిమిది మందికి తొమ్మిది సీట్ల వ్యాన్ సరిపోతుందనుకుంటారు. మనుషులకు సరిపోతుంది. ఎనిమిది గోల్ఫ్ బ్యాగులు, ఎనిమిది సూట్‌కేసులు ఎక్కడ పెడతారు? రెండు వ్యాన్లు తీసుకోండి.

జవాబు 2

పైన అన్న చెప్పినవన్నీ కరెక్ట్. బ్యాగు గురించి నా ఏడుపు కూడా వినండి. మెత్తటి కవర్లో క్లబ్బులు పెట్టి చెకిన్ చేశాను. హోటల్ గదిలో జిప్పు తీస్తే డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్బు) తల ఒక మూల, కర్ర ఒక మూల! అప్పటినుంచి డ్రైవర్ తల విప్పి, సాక్సులో చుట్టి, బట్టల మధ్య పెడుతున్నాను. క్లబ్బులన్నిటికంటే పొడవైన కర్ర ఒకటి బ్యాగు మధ్యలో నిలబెడితే, తలకిందులుగా పడినా దెబ్బ దానికే తగులుతుంది. తల బిగించే రెంచీ మర్చిపోకండి. నేను ఒకసారి మర్చిపోయి, రౌండంతా 3-వుడ్‌తోనే (డ్రైవర్ కంటే చిన్న క్లబ్బు) కానిచ్చాను.

జవాబు 3

6 హ్యాండికాప్ ఆయన్నీ కొత్తవాళ్లనీ కలిపి ఆడించాలంటే స్టేబుల్‌ఫోర్డ్ అనే పాయింట్ల పద్ధతి పెట్టండి. ఒక్కో హోల్‌లో హ్యాండికాప్ స్ట్రోకులు (దెబ్బలు) తీసేశాక పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల లెక్క) వస్తే 2 పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒకటి ఎక్కువ) 1, బర్డీకి (ఒకటి తక్కువ) 3. ఇక పాయింటు రాదని తేలగానే బంతి ఎత్తేయొచ్చు, వెనక జట్టు తిట్టుకోదు. సాయంత్రం ఓల్డ్ కోర్సు పక్కనే ఉన్న హిమాలయాస్ పటింగ్ గ్రీన్‌కి (బంతిని దొర్లించి గుంతలో వేసే చోటు) వెళ్లండి. ఆ గుట్టల మీద బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మా చాంపియన్ అక్కడ ఆఖరున వచ్చాడు, మూడు రోజులు ముభావంగా ఉన్నాడు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అడ్వాన్సు మాట నిన్న గ్రూపులో పెట్టాను. గంట సేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడికి అదే వారం ఆఫీసు ఆడిట్ గుర్తొచ్చింది, ఇంకొకడికి నడుం నొప్పి. ఇప్పుడు ఎనిమిది మందిమి. ఎనిమిదో వాడు ఇంకా కట్టలేదు, రేపటిదాకా చూస్తాను.