ప్రార్థన చేస్తున్నా తెల్లవారుజామున గుండెల్లో దిగులు పోవడం లేదు: సెల్ గ్రూపుగా మేం ఏం చేయాలి?

మారతహళ్లి సహవాసం:
అందరికీ వందనాలు. బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు సెల్ గ్రూపుకు (వాక్యం, ప్రార్థన కోసం కలిసే మా సంఘపు చిన్న గుంపు) వచ్చే ఒక సిస్టర్ గురించి, ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. సుమారు ఐదు నెలలుగా తెల్లవారుజామున 4కే మెలకువ వచ్చేస్తోంది. ఏదో కీడు జరగబోతోందన్న భయం కడుపులో మెలిపెడుతుందట. ఉద్యోగం బాగానే ఉంది, ఇంట్లో గొడవల్లేవు. 91వ కీర్తన చదువుతుంది, దిగులు తగ్గకపోతే మళ్లీ చదువుతుంది. ఇప్పుడది రోజుకు పదిసార్లు దాటింది. శుక్రవారం ఉపవాసం కూడా ఉంటుంది. మొన్న గ్రూపులో ఒక పెద్దాయన "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును అని రాసుంది కదమ్మా, నీ విశ్వాసంలోనే ఎక్కడో లోపముంది" అనేశారు. అప్పటినుంచి గ్రూపుకు రావడమే తగ్గించింది.

భయపడటం అవిశ్వాసమా? "ఇంకా ఎక్కువ ప్రార్థించు" అనడం కాకుండా ఎలా ప్రార్థించాలో చెప్పగలరా? డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఎప్పుడు?

వాక్యం వెంట:
ఆ పెద్దాయన చెప్పింది 1 యోహాను 4:18. దాని పైనున్న 17వ వచనం కూడా చదివి ఉంటే ఆ మాట అనేవారు కాదు. అక్కడ మాట్లాడుతున్నది తీర్పుదినం గురించి. దేవుడు నన్ను దండిస్తాడేమో అన్న భయాన్ని ప్రేమ తీసేస్తుందని యోహాను అంటున్నాడు. వేకువన వచ్చే గుండెదడకు ఆ వచనాన్ని అంటగడితే బాధపడేవాళ్లకు రెండో భయం తగిలించినట్టే.

గెత్సేమనేలో యేసు విభ్రాంతి నొందాడని మార్కు 14:33 దాచకుండా చెబుతుంది. మూడుసార్లూ ఒకే ప్రార్థన చేశాడు, పక్కన మెలకువగా ఉండమని స్నేహితులను అడిగాడు. మాసిదోనియలో ఉన్నప్పుడు "లోపట భయములు" ఉండేవని పౌలు 2 కొరింథీయులకు 7:5లో రాసుకున్నాడు. 88వ కీర్తనైతే చివరి వచనం దాకా వెలుగు చూడదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా అది బైబిల్లోనే ఉంది.

1 రాజులు 19 మీ గ్రూపులో నిదానంగా చదవండి. బదరీవృక్షం కింద చావును కోరుకున్న ఏలీయాను దేవదూత ఒక్క ప్రశ్నా అడగడు. రొట్టె, నీళ్లు పెడతాడు. పడుకోనిస్తాడు. మళ్లీ లేపి తినిపిస్తాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న నలభై రోజుల ప్రయాణం తరవాత, హోరేబులో గాని రాదు. ఆ తరవాత ఒక పని, దాంతోపాటు ఎలీషా తోడు. మన గ్రూపుల్లో ఈ వరస తిరగబడుతుంది: ముందు విచారణ, తిండీ నిద్రా ఎప్పుడో చివర.

91వ కీర్తనను పక్కన పెట్టమనను. కానీ దాన్ని తాయెత్తులా ప్రయోగించి చూపించింది మత్తయి 4:6లో యేసును శోధించిన సాతాను. ఈ సిస్టర్ కొన్నాళ్లు 13వ కీర్తనతో ప్రార్థిస్తే మేలు. ఆరే వచనాలు, రెండేసి చొప్పున మూడు భాగాలు. 1–2 ఫిర్యాదు: "ఎన్నాళ్లవరకు" అని మొదలయ్యే ఆ మాటల కింద తన దిగులును సొంత మాటల్లో మూడు వాక్యాల్లో రాయాలి. అంతకు మించొద్దు. 3–4 విన్నపం: ఈ ఒక్క రోజుకు ఒక్కటే అడగాలి, "ఈ పూట ఆఫీసు మీటింగులో కూర్చోగలిగేలా చెయ్యి" లాంటిది. 5–6 నమ్మిక: అది కీర్తనలో ఉన్నది ఉన్నట్టు పైకి చదివితే చాలు, మనసులో ఆ భావన కలగకపోయినా సరే. పది నిమిషాలు, రోజుకు ఒక్కసారి.

ఇది చెడేది రెండు చోట్ల. ఫిర్యాదు దాటేసి నేరుగా స్తోత్రాలకు దూకితే లోపలిది లోపలే ఉండిపోతుంది. ఫిర్యాదులోనే అరగంట కూర్చుంటే అది ప్రార్థన కాదు, చింతను నెమరువేయడం. మూడు వాక్యాల హద్దు అందుకే.

హోసూరు రోడ్డు నర్సు:
మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను కాబట్టి శరీరం వైపు సంగతులు చెబుతాను.

ఉదయపు దిగులుకు శరీరపరమైన కారణం కూడా ఒకటి ఉంది. వేకువజామున కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, నిద్ర లేచిన మొదటి అరగంట, ముప్పావు గంటలో ఇంకా ఎగుస్తుంది. అందరికీ అంతే. ఆందోళన ఉన్నవాళ్లకు ఆ ఎగుడు ప్రమాద ఘంటికలా అనిపించవచ్చు. అందుకే 4 గంటలకు మంచంలో పడుకుని "నా జీవితం ఏమైపోతోంది, దేవుడు నన్ను వదిలేశాడా" అని తీర్పులు రాసుకోకూడదు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి ఇంకో గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి. గడియారం, ఫోను చూడొద్దు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ మంచం ఎక్కాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే వేళ మాత్రం మారకూడదు, ఆదివారం కూడా.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. భయంలో గట్టిగా, వేగంగా ఊపిరి తీస్తూ ప్రార్థిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్లు జివ్వుమంటాయి, పెదాలు మొద్దుబారతాయి, తల తిరుగుతుంది. దాన్ని కొందరు ఆత్మ తాకిడి అనుకుంటారు, కొందరు దురాత్మ అనుకుని ఇంకా గట్టిగా అరుస్తారు, దాంతో ఇంకా ముదురుతుంది. మందగిస్తే పోతుంది.

నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీలుస్తూ మనసులో "ప్రభువైన యేసూ", ఆరు లెక్కపెడుతూ వదులుతూ "నన్ను కరుణించు". నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి, ఐదు నిమిషాలు చాలు. రొమ్ము ఉబ్బేలా పెద్ద ఊపిరి తీయొద్దు, మామూలుగా తీసుకుని మెల్లగా వదలడమే కిటుకు. ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజుకు రెండు పూటలా అలవాటు చేసుకోవాలి, భయం పట్టుకున్నాక మొదలుపెడితే పట్టు దొరకదు. ఇంకోటి, "భయం పోయేదాకా ఆపను" అని కూర్చోకూడదు. ఐదు నిమిషాలవగానే లేచి బ్రష్ చేసుకుని పనిలో పడాలి, భయం వెంట వచ్చినా సరే.

మధ్యాహ్నం తరవాత కాఫీ ఆపించండి. బెంగళూరులో ఆఫీసు కింద బై-టూ కాఫీ సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటుంది. కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఉపవాసం రోజున ఖాళీ కడుపుతో ఫిల్టర్ కాఫీ తాగితే వచ్చే వణుకు, దడ ఏ ఆత్మీయ పోరాటమూ కాదు.

ఇక డాక్టరు సంగతి. ఆందోళన రుగ్మత అని నిర్ధారించడానికి ఆరు నెలల లెక్క పుస్తకాల్లో ఉంటుంది, అది వైద్యుడి కొలత, మీరు ఆగాల్సిన గడువు కాదు. నిద్రా తిండీ పనీ రెండు వారాలు దెబ్బతింటే వెళ్లాలి. మీరు ఐదు నెలలంటున్నారు. పైగా తెల్లవారుజామునే మెలకువ రావడం కుంగుబాటు లక్షణం కూడా కావచ్చు. ఇష్టమైనవాటిమీద ఆసక్తి పోయిందా, ఆకలి తగ్గిందా, ఏడుపొస్తోందా, నెమ్మదిగా అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడగడానికి జంకొద్దు. అడిగితే ఆలోచన పుట్టదు. ఉందంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలొద్దు. ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కోరమంగళలో సెయింట్ జాన్స్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. నిమ్హాన్స్‌కు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి చాలామంది వస్తారు కాబట్టి తెలుగులో చెప్పుకోవడం కష్టం కాదు. అర్ధరాత్రి మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, 2022 అక్టోబరులో మొదలైన ఉచిత ప్రభుత్వ సేవ, 24 గంటలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు.

నిరీక్షణ ద్వారం:
అన్నీ డాక్టర్లకే అప్పగిస్తే ఇక సంఘమెందుకు? యాకోబు 5:14 సంఘపు పెద్దలను పిలిపించమంది, నూనె రాసి ప్రార్థించమంది. మాత్రలు మింగించమనలేదు.

కాపరి సలహాదారు:
@నిరీక్షణ ద్వారం, పెద్దలను తప్పకుండా పిలవండి బ్రదర్. ఎలా పిలవాలన్నదే సంగతి. ఇద్దరు పెద్దలు, వాళ్లతో ఒక పెద్దావిడ, అంతే. పావుగంట. ఆవిడ కూర్చునే ఉండాలి, చుట్టూ నిలబడి తలమీద చేతులు బరువుగా మోపొద్దు. "ఏ పాపం చేశావు" అన్న ప్రశ్న వద్దు. నుదుట నూనె, మెల్లని ప్రార్థన, చివర "మందులు వాడుతూనే ఉండు" అన్న ఒక మాట. "స్వస్థత అయిపోయింది, మాత్రలు ఆపెయ్" అని ప్రకటించే హక్కు ఎవరికీ లేదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా (కొలొస్సయి 4:14). కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి చెప్పిందీ పౌలే.

విశ్వాసం బలంగా ఉంటే ఇవన్నీ రావనుకునేవాళ్లు ఇంగ్లండులో పేరుపొందిన ప్రసంగీకుడు స్పర్జన్ జీవితం చూడాలి. 1856 అక్టోబరు 19న లండన్ సర్రే గార్డెన్స్ హాల్లో ఆయన కూటంలో ఎవరో నిప్పంటుకుందని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అది ఆయన్ను కుంగదీసింది, ఆ దిగులు తరవాతి ఏళ్లలోనూ తిరిగి తిరిగి వచ్చింది. అయినా 1892లో చనిపోయేదాకా సేవ ఆగలేదు.

ఇప్పుడు అసలు విషయం: పదిసార్లు చదువుతున్న ఆ కీర్తన. "ఒక్క పూట చదవకపోతే ఏమవుతుంది?" అని అడగండి. "వెలితిగా ఉంటుంది" అంటే సరే. "ఇంట్లో ఎవరికో ఏదో అవుతుంది" అంటే, లేదా ఒక పదం తప్పు పలికితే మళ్లీ మొదటినుంచి చదువుతుంటే, అది ఓసీడీ (భయం తగ్గించుకోవడానికి ఒకే పనిని ఆపలేక మళ్లీ మళ్లీ చేసే మానసిక రుగ్మత) వైపు వెళ్తోందేమో డాక్టరుకు చూపించాలి. క్షమించరాని పాపం చేశానేమోనని పదేపదే ఒప్పుకోలు చేయడం కూడా ఈ కోవలోదే. అలాంటప్పుడు చదివిన ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది, అందుకే మళ్లీ చదవాలనిపిస్తుంది, అలా భయం బలపడుతుంది. ఒక్కరోజులో ఆపించొద్దు. చదవాలనిపించినప్పుడు పదిహేను నిమిషాలు ఆగి, ఈలోపు చేతిలోని పని చేయమనండి. ఆగలిగితే అరగంట. పది ఆరవుతుంది, ఆరు మూడవుతుంది, చివరికి ధ్యానం కోసం ఒక్కసారి మిగలాలి. ఓసీడీ అని తేలితే ఇది తెలిసిన సైకాలజిస్టు చేతుల మీదుగానే జరగాలి.

మీ గ్రూపు వాళ్లూ ఇందులో భాగమే. "నాకేం కాదు కదా అక్కా" అని వాట్సాప్‌లో వచ్చిన ప్రతిసారీ "ఏమీ కాదమ్మా" అని పంపితే ఆవిడ పదిసార్లు చదివే కీర్తనకు మీరే పదకొండోసారి అయిపోతారు. "దీని గురించి పొద్దున మాట్లాడుకున్నాం, ఇప్పుడు భోంచేశావా?" అని మళ్లించండి. కటువుగా కాదు, ప్రేమగానే.

ఫిలిప్పీ 4:6 ఆచరించడానికి ఒక పద్ధతి. సాయంత్రం 7కి ఇరవై నిమిషాలు, రోజూ ఒకే కుర్చీ, ఒక నోటుబుక్కు. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు తను ఏమైనా చేయగలిగిన చింతలు, పక్కనే మొదటి అడుగు, ఏ రోజు చేస్తుందో. కుడివైపు తన చేతిలో లేనివి, ఒక్కోదానికీ ఒక వాక్యం విన్నపం. కృతజ్ఞత ఒకే ఒకటి రాయాలి, అదీ ఆ రోజు నిజంగా జరిగినదే అయ్యుండాలి. టైం అవగానే మూసేయాలి. తెల్లవారుజామున చింత తలెత్తితే "నీ వంతు సాయంత్రం 7కి" అనుకుని వదలాలి. మొదటి వారం వదలదు, మామూలే. పడుకునే ముందు రెండు గంటల్లో మాత్రం ఈ పుస్తకం తెరవొద్దు.

చివరగా, దిగులు వల్ల ఆవిడ ఏం మానేసిందో అడిగి రాయండి. గ్రూపు అన్నారు. మొదటి వారం ఇరవై నిమిషాలకు తలుపు దగ్గర కూర్చోవడానికి రమ్మనండి, పాట పాడమని గాని, సాక్ష్యం చెప్పమని గాని అడగొద్దు. భయం ఇంకా పైకెగుస్తుండగా లేచిపోకుండా కాస్త దిగేదాకా ఉండటమే అసలు పాఠం. తరవాతి వారం నలభై నిమిషాలు. నెమ్మది ముందు వచ్చి ఆవిడ తరవాత వస్తుందనుకుంటే ఎప్పటికీ రాదు.

మారతహళ్లి సహవాసం:
చాలా ఉపయోగపడింది, వందనాలు. మూడు చిన్న సందేహాలు. మా గ్రూపు వాట్సాప్‌లో ప్రార్థన విన్నపంగా పెట్టొచ్చా? మందులు మొదలైతే శుక్రవారం ఉపవాసం సంగతేంటి? ఒంగోలులో వాళ్ల అమ్మగారు విడుదల కూటానికి (దురాత్మలను వెళ్లగొట్టే ప్రార్థన కూటం) తీసుకెళ్దామంటున్నారు.

హోసూరు రోడ్డు నర్సు:
వాట్సాప్‌లో జబ్బు పేరు, డాక్టరు పేరు, మాత్రల ఫొటోలు వద్దు. "మన సహోదరికి నెమ్మది, నిద్ర కోసం ప్రార్థించండి" చాలు. అదీ ఆవిడ చూసి సరేనన్నాకే. ఆఫీసుకు తెలుస్తుందేమోనని ఐటీ వాళ్లు చాలామంది ఆసుపత్రికి రారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిది. అదే మర్యాద మన గ్రూపులోనూ ఉండాలి.

ఆందోళనకు, కుంగుబాటుకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు వికారం, కాస్త ఎక్కువ దడ ఉండొచ్చు. సరిగ్గా అక్కడే "దేవునికి ఇది ఇష్టం లేదు" అని ఆపేస్తారు. ఆపకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇవి అలవాటుపడే మందులు కావు, కానీ హఠాత్తుగా మానితే తల తిరగడం, చిరాకు వస్తాయి కాబట్టి బాగైపోయిందనిపించినా సొంతంగా మానొద్దు. క్లోనజెపామ్, అల్ప్రాజోలమ్ అనే మాత్రలు వేరే జాతి: వెంటనే హాయిగా ఉంటుంది, వారాల తరబడి వాడితే అలవాటవుతాయి. పక్కింటావిడ చీటీ చూపించి కొనడం అసలొద్దు.

ఉపవాసం ఈ రెండు మూడు నెలలు ఫోను ఉపవాసంగా మార్చుకోమనండి. అన్నం మానాలనే ఉంటే డాక్టరుతో చెప్పి, నీళ్లు మాత్రం మానకుండా. లిథియం (బైపోలార్ లాంటి మానసిక జబ్బులకు ఇచ్చే మందు) వాడేవాళ్లు నీళ్లు లేని ఉపవాసం ఉంటే ఒంట్లో మందు పెరిగి ప్రమాదం, ఇది మీ గ్రూపులో అందరికీ చెప్పండి. రాత్రంతా జాగరణ ప్రార్థనలు కూడా ఇప్పుడు వద్దు, నిద్రే ఆవిడకు మొదటి మందు.

అమ్మగారి సంగతి. వాదించొద్దు, ఆవిడ భయం ఆవిడది. ప్రార్థనకు వెళ్లొచ్చు, కానీ కొట్టడం, అరవడం, తిండి మాన్పించడం, మాత్రలు ఆపించడం ఉండదని ముందే మాట తీసుకోవాలి. మాట ఇవ్వకపోతే వెళ్లొద్దు. కుదిరితే అమ్మగారినే బెంగళూరు రప్పించి మొదటిసారి డాక్టరు దగ్గరికి కలిసి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద: ఎప్పుడు మొదలైంది, రాత్రికి ఎన్ని గంటల నిద్ర, ఇప్పుడు వాడుతున్న మందులు, థైరాయిడ్ రిపోర్టు తేదీ, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా. సిల్క్‌బోర్డు ట్రాఫిక్ లెక్కేసుకుని పొద్దున్నే బయల్దేరండి, కొత్త పేషెంట్ల రిజిస్ట్రేషన్ వరస పొడుగ్గా ఉంటుంది.