కలర్ పెన్సిళ్లు: వరిచేను పచ్చదనం మూడో పూతకే జారిపోతోంది

కోనసీమ_గట్టు: ఊడ్పులైన చేను గీస్తున్నానండి. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) జెరాక్స్ కాగితం. ముదురాకుపచ్చ అంటుకోవట్లేదు, గీతలు కలవట్లేదు. ఇంకా గట్టిగా నొక్కాలా?

రంగులపెట్టె: అస్సలు నొక్కకండి. రంగును పట్టి ఉంచేది కాగితం గరుకు. జెరాక్స్ కాగితానికి అది చాలా తక్కువ, రెండు మూడు పూతలకే నిండిపోతుంది. ఆపైన పెన్సిల్ రంగులోని మైనం మీద మైనం జారడమే. 160 నుంచి 200 జీఎస్ఎమ్ కార్ట్రిడ్జ్ కాగితం (గరుకున్న డ్రాయింగ్ కాగితం) తీసుకోండి. పెన్సిల్‌ని వెనక్కి పట్టుకుని, దాని బరువే కాగితం మీద పడేలా చిన్న చిన్న సున్నాలు చుడుతూ వేయండి. మొన సన్నగా చెక్కాలి. మొండి మొన గరుకు గుంటల్లోకి దిగదు, తెల్లచుక్కలు మిగులుతాయి. ముందు నిమ్మపసుపు, పైన లేతాకుపచ్చ, దుబ్బుల మొదట్లో ముదురు నీలం. నీడకి నలుపు వాడితే పచ్చదనం చచ్చిపోతుంది.

లంక_పిల్ల: మన దగ్గర వానాకాలంలో ఇంకో ఇబ్బందండి. కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. కాస్త నొక్కినా గాడి పడుతుంది, తర్వాతి రంగు అందులోకి దిగక తెల్లగీతలా కనిపిస్తుంది. కాగితాల్ని జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

కోనసీమ_గట్టు: తెల్ల పెన్సిల్‌తో రుద్దితే కలుస్తుందంటారు?

రంగులపెట్టె: కలుస్తుంది, కానీ రంగు పాలిపోతుంది. చేనుకి నిమ్మపసుపుతోనే రుద్దండి, లేదా రంగులేని బ్లెండర్ పెన్సిల్ వాడండి. అన్ని పూతలూ అయ్యాకే సుమండీ. ఒకసారి గట్టిగా రుద్దాక గరుకు అణిగిపోతుంది, ఇంకేం వేసినా పట్టదు.

వశిష్ఠ_ఒడ్డు: వరద గోదారి ఎర్రనీళ్లలాంటి పెద్ద జాగాకి వాసన లేని మినరల్ స్పిరిట్ (మైనాన్ని కరిగించే ద్రావకం) మేలు. కాగితం 200 జీఎస్ఎమ్‌కి తగ్గకూడదు. ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) రెండేసి పూతలు వేసి, బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి, టిష్యూ మీద అద్ది, లేత వైపు నుంచి ముదురు వైపుకి లాగండి. అరగంట ఆరనివ్వండి. తడి మీద పెన్సిల్ పెడితే కాగితం రేగుతుంది. కిటికీలు తెరిచి చేయండి. బేబీ ఆయిల్ జోలికి పోకండి, కాగితం వెనక నూనె మరక తేలుతుంది.

లంక_పిల్ల: కొన్నాళ్లకి ముదురు రంగుల మీద బూజులా తెల్లపొర వస్తుంది చూశారా, అది బూజు కాదు, పైకి తేలిన మైనం. ప్రిస్మాకలర్ లాంటి మైనం పెన్సిళ్లకి ఎక్కువ, పాలిక్రోమోస్ లాంటి నూనె రకానికి తక్కువ. మెత్తటి నూలుగుడ్డతో తేలిగ్గా తుడిచి, ఫిక్సేటివ్ (రంగు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) పల్చగా రెండుసార్లు కొట్టండి. ముసురు పట్టిన రోజు మాత్రం కొట్టొద్దు, పొర మసకబారే ప్రమాదం ఉంది.