బూస్ట్ అందుకోగానే నల్లపొగ: పాత టర్బో కారులో పెట్రోలు ఎందుకు ఎక్కువవుతోంది?

ప్రశ్న

నమస్కారం. నా దగ్గర 1999 నాటి 1.8 లీటర్ల టర్బో పెట్రోలు కారు ఉంది. నెల రోజులుగా, మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి టర్బో బూస్ట్ (టర్బో ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే అదనపు గాలి) అందుకునే సమయంలో వెనుక నుంచి నల్లపొగ వస్తోంది, బండి ముక్కుతూ లాగుతోంది, మైలేజీ కూడా బాగా తగ్గింది. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగింటి మీదా వేలికి అంటుకునే పొడి మసి కనిపించింది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచితే మాత్రం ఇంజన్ నిలకడగానే ఉంటుంది, చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు. కాలిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని ఒక మెకానిక్ చెబితే కొత్తది వేయించాను. డబ్బు పోయింది గాని పొగ పోలేదు. ఇప్పుడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలంటున్నారు. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదుకు కారు కంప్యూటర్ చేసే సవరణ; ప్లస్ అంటే పెంచడం, మైనస్ అంటే తగ్గించడం) ఐడిల్‌లో +2 శాతం, స్థిరమైన వేగంలో +1 శాతం చూపిస్తోంది. ఇంజెక్టర్ల జోలికి వెళ్లకముందే తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?

మొదటి జవాబు

చివర్లో మీరు రాసిన ఆ రెండు అంకెలే అసలు ఆధారం. ఇంజెక్టర్లు కారుతూ ఉంటే ఆ ప్రభావం ముందుగా ఐడిల్‌లోనే తెలుస్తుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు తగ్గించడానికి ప్రయత్నించి ట్రిమ్‌ను మైనస్‌లోకి తీసుకెళ్తుంది. మీకు అలా జరగడం లేదు కాబట్టి బూస్ట్ ఉన్నప్పుడు మాత్రమే పుట్టే లోపాన్ని వెతకాలి.

మీ కారులో మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటే సంగతి ఇలా ఉండవచ్చు. లోపలికి వచ్చే గాలిని ఆ సెన్సర్ టర్బో కన్నా ముందే కొలుస్తుంది, ఆ లెక్కకు తగినంత పెట్రోలును ఈసీయూ పోయిస్తుంది. టర్బోకూ థ్రాటిల్‌కూ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే కవాటం) మధ్య ఏ గొట్టమైనా చిట్లి ఉంటే, కొలిచిన గాలిలో కొంత బూస్ట్ ఒత్తిడికి బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం పూర్తి లెక్కకే పడుతుంది. ఐడిల్‌లో ఆ గొట్టాల్లో ఒత్తిడి దాదాపు బయటి గాలితో సమానంగా ఉంటుంది కనుక చీలిక ఉన్నా ట్రిమ్ కదలదు. అదే లీకు థ్రాటిల్ తర్వాత, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ వైపు ఉంటే ఐడిల్‌లో లెక్కలోకి రాని గాలి లోపలికి పీల్చుకుని ట్రిమ్ బాగా ప్లస్‌లోకి వెళ్లేది. అందుకే నా అనుమానం టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాల మీద, ఆ తర్వాత యాక్సిలరేటర్ వదలగానే మిగులు బూస్ట్‌ను మళ్లించే డైవర్టర్ వాల్వ్ మీద.

రెండో జవాబు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ట్రిమ్‌లు బాగున్నాయని మిగతా వాటిని పూర్తిగా వదిలేయకండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇలాంటి పాత కార్లలో ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు. ఇంజన్ వేడెక్కకుండా 14.7:1 (పెట్రోలు పూర్తిగా కాలడానికి సరిపడే గాలి, పెట్రోలు బరువుల నిష్పత్తి) కన్నా రిచ్‌గానే, అంటే పెట్రోలు ఎక్కువగా, తన పట్టిక ప్రకారం పోస్తుంది. కనుక అక్కడి లోపం ట్రిమ్‌లో కనిపించకపోవచ్చు. ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. పెట్రోలు ఒత్తిడిని అదుపులో ఉంచే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు వెళ్లే సన్నటి వాక్యూమ్ గొట్టాన్ని పీకి చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి పల్చటి పొర, డయాఫ్రం, చిరిగినట్లే. ఇంజన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత 85 నుంచి 95 డిగ్రీల దగ్గర నిలవాలి. 50 దగ్గరే ఉండిపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందో, సెన్సర్ తప్పు చెబుతోందో చూడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాక్యూమ్ గొట్టం పొడిగా ఉంది, కూలెంట్ 90 దగ్గర నిలిచింది. తర్వాత ఇంజన్ ఆపి, చల్లారాక, టర్బో గాలి పీల్చే మూతికి బిరడా బిగించి, క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజన్ అడుగు భాగంలోని ఆవిరి బయటికి వచ్చే గొట్టం) దారి మూసి, కంప్రెసర్‌తో నెమ్మదిగా 0.3 బార్ నుంచి 0.7 బార్ వరకు గాలి ఎక్కించాం. 0.3 దగ్గర ఏమీ లేదు. 0.6 దాటాక కింద ఎక్కడో బుస్సుమంది. ఇంటర్‌కూలర్ కింది గొట్టానికి సబ్బునీళ్లు పూస్తే, క్లిప్ పక్కనే, పైనుంచి కనిపించని అడుగు భాగంలో నురుగు పొంగింది. గొట్టం విప్పి చేత్తో వంచితేగాని చీలిక తెరుచుకోలేదు. దాని చుట్టూ నూనె చెమటకు దుమ్ము పట్టి నల్లగా అట్టకట్టి ఉంది. కొత్త గొట్టం వేశాక నల్లపొగ ఆగింది, లాగుడు తిరిగొచ్చింది. ఇంజన్ ఆయిల్ మాత్రం కాస్త పెట్రోలు వాసన వేస్తోంది. దాన్ని అలాగే వాడవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు

వాడకండి. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగుతుంది, పలచబడిన ఆయిల్ మీదే టర్బో బేరింగులు తిరగాలి. ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చండి. ప్లగ్గులు శుభ్రం చేసి మళ్లీ వాడి చూడవచ్చు. ఇంకొక్క మాట: గొట్టం లోపలి అంచునూ పైపు మూతినీ నూనె లేకుండా తుడిచి, ఆరాకే క్లిప్ బిగించారా? లేకపోతే విప్పి ఆ పని చేయండి, జిడ్డు మీద బిగించిన గొట్టం బూస్ట్‌కు ఊడివస్తుంది.