నల్ల గ్రానైట్ మాంటిల్ నుంచి వచ్చిందేనా? అంత లోతున ఏముందో ఎలా తెలుస్తుంది?

నల్లబండ, కరీంనగర్:

నేను కరీంనగర్ దగ్గర ఒక నల్ల గ్రానైట్ క్వారీలో లోడింగు చూసుకుంటాను. పక్క గుట్టలో గోధుమరంగు రాయి తీస్తారు, మా దగ్గర నల్లరాయి. ఒకే కొలతల బ్లాకులను కాటా మీద పెడితే నల్లది ఎప్పుడూ ఎక్కువ తూగుతుంది. గోధుమరంగు రాయి ఘనమీటరుకు 2.7 టన్నుల లోపే ఉంటుంది, మాది 3 టన్నుల దరిదాపు. లారీకి ఎక్కించేటప్పుడు ఈ తేడా మరిచామంటే దారిలో జరిమానా ఖాయం.

ఈ మధ్య భూగర్భశాస్త్రం చదివే ఒక కుర్రవాడు క్వారీ చూడడానికి వచ్చాడు. "ఇది గ్రానైటే కాదు, డోలరైట్. భూమి పైపొర కింద ఉండే మాంటిల్ నుంచి వచ్చింది" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట ఇంట్లో అంటే పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒప్పుకోలేదు. రష్యాలో ఏళ్ల తరబడి తవ్విన బోరు కూడా 12 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయిందట, మాంటిల్ అంతకన్నా ఎంతో కింద ఉంటుందట. ఎవరూ చూడని రాయి గురించి ఎవరు చెప్పగలరు అంటుంది. నాకు జవాబు తోచలేదు.

ఇంకొక సందేహం కూడా ఉంది. మా క్వారీలో అంచున దొరికే రాయి సన్నని రవ్వతో ఉంటుంది, మధ్యకు వెళ్లేకొద్దీ రవ్వ ముతకబడుతుంది. ఒకే రాయిలో ఈ తేడా ఎందుకు?

కాజీపేట జంక్షన్:

చాలా తేలిక అన్నా. మాంటిల్ అంటే భూమి లోపల మరుగుతున్న లావా సముద్రం. నేల ఎక్కడ పగిలితే అక్కడ పైకి చిమ్ముతుంది, చల్లారితే మీ నల్లరాయి. కాబట్టి మీరు అమ్ముతున్నది మాంటిలే.

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ:

ఈ లావా సముద్రాన్ని తరగతి గదిలో ఎన్నిసార్లు ఎండగట్టినా మళ్లీ ఊరుతూనే ఉంటుంది. మాంటిల్, మన పాఠ్యపుస్తకాల్లో భూప్రావారం, గట్టి రాయి. భూకంప తరంగాల్లో ఎస్ తరంగాలు అనే రకం ద్రవంలోంచి పోలేదు. అవి మాంటిల్ అంతటా నిక్షేపంగా ప్రయాణించి, సుమారు 2,890 కిలోమీటర్ల లోతున, ద్రవంగా ఉన్న బాహ్య కేంద్రమండలం దగ్గర ఆగిపోతాయి. మాంటిల్ ద్రవమైతే అంత లోతుకు చేరేవే కావు. గట్టి రాయే అయినా ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది, అది వేరే సంగతి.

ఇక నల్లబండ గారి రాయి. అది మాంటిల్ ముక్క కాదు, మాంటిల్ కొంత కరిగితే వచ్చిన ద్రవం గడ్డకట్టిన రాయి. ఈ రెండింటికీ తేడా మీ కాటాయే చెబుతుంది. ఎగువ మాంటిల్‌లో ప్రధానమైన రాయి పెరిడోటైట్. అది ఘనమీటరుకు దాదాపు 3.3 టన్నులు తూగుతుంది. దానిలో సగానికి పైగా ఆలివిన్ అనే ఆకుపచ్చని ఖనిజం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పైరాక్సీన్లు అనే ఖనిజాలు. మీ డోలరైట్‌లో పైరాక్సీన్ ఉంది గానీ దానితో సమానంగా ఫెల్డ్‌స్పార్ ఉంది. అది తేలిక ఖనిజం కాబట్టి రాయి 3 టన్నుల దగ్గర ఆగింది. చెరకు గానుగలో పెడితే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు వచ్చినట్టు, పెరిడోటైట్ కొద్దిగా కరిగినప్పుడు బసాల్ట్, డోలరైట్ లాంటి నల్లరాళ్లుగా గడ్డకట్టే బసాల్ట్ ద్రవం పైకి వస్తుంది, ఆలివిన్ ఎక్కువగా ఉన్న పిప్పి కిందే ఉండిపోతుంది. మీ క్వారీలో ఉన్నది రసం.

కరగడం వెనుక కథ ఇంకా బాగుంటుంది. ఎవరో కింద మంట పెంచితే రాయి కరిగిందని చాలామంది అనుకుంటారు. మన నల్లరాయి లాంటివి ఎక్కువగా పుట్టేది మీద ఒత్తిడి తగ్గడం వల్ల. సుమారు 100 కిలోమీటర్ల లోతున పొడి పెరిడోటైట్ కరగడం మొదలవ్వాలంటే వేడి 1,450 డిగ్రీలు దాటాలి. అదే రాయి ఉపరితలపు ఒత్తిడిలో 1,120 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. మాంటిల్‌లో పైకి లేచే రాయి అంత పెద్ద మొత్తంలో లేస్తుంది కాబట్టి దారిలో పెద్దగా చల్లారదు. ఎక్కడో ఒకచోట వేడి అదే ఉండగా ఒత్తిడి చాలినంత తగ్గుతుంది, కరగడం మొదలవుతుంది. మొత్తం కరగదు, కొద్ది భాగమే.

ఆ ద్రవం భూపటలంలో పగుళ్లు వెతుక్కుంటూ వచ్చి నిలువు గోడలా గడ్డకడితే దాన్ని డైక్ అంటాం. మీ క్వారీ అలాంటి గోడను అడ్డంగా కోస్తోంది. చుట్టూ ఉన్న గ్రానైట్ అప్పటికే చల్లారిన రాయి. దాన్ని తాకిన అంచులో ద్రవం చప్పున గడ్డకట్టింది, స్ఫటికాలు పెరిగే వ్యవధి దొరకలేదు, అందుకే సన్నని రవ్వ. మధ్యలో మెల్లగా చల్లారింది, రవ్వ ముతకబడింది. మన చుట్టూ ఉన్న గ్రానైట్లు చాలావరకు 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ పుట్టినవి. కర్ణాటక నుంచి మన దాకా పరచుకున్న, ధార్వాడ్ అని పిలిచే ఈ పాత రాతి ప్రాంతమంతటా వాటిని కోసుకుంటూ వెళ్లిన డైకుల్లో వయసు తేలినవి ముఖ్యంగా 237 కోట్ల నుంచి 189 కోట్ల ఏళ్ల నాటివి. రామప్ప గుడి మదనికలు, వేయిస్తంభాల గుడి నంది నున్నగా మెరిసే నల్లరాయి అని అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆ మెరుపు వెనుక మాంటిల్ ఉందని చెప్పే గైడు నాకు ఇంతవరకు తగల్లేదు.

అమ్మాయి ప్రశ్న గట్టిది. కోలా బోరు 12,262 మీటర్ల దగ్గర ఆగిన మాట నిజం. మన కింద భూపటలం మందం 35 నుంచి 40 కిలోమీటర్లు. అయినా రాయిని చూడకుండా చెప్పడం లేదు. 1909లో క్రొయేషియాలో వచ్చిన భూకంపం నమోదులు పరిశీలించి మొహొరొవిచిచ్ అనే అక్కడి శాస్త్రవేత్త ఒక లోతు దాటాక తరంగాల వేగం ఒక్కసారిగా పెరుగుతోందని పట్టుకున్నాడు. ఆ హద్దుకు దిగువన పి తరంగం, అంటే భూకంప తరంగాల్లో అన్నిటికన్నా ముందు చేరే రకం, సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పెరిడోటైట్‌కు సరిపోయే వేగం అది, గ్రానైట్‌కు కాదు. ఒమన్‌లో సముద్రగర్భపు పటలం, దాని కింది మాంటిల్ కలిసి నేల మీదికి నెట్టుకు వచ్చాయి, అక్కడ పెరిడోటైట్ కొండల మీద నడవవచ్చు. 2023లో జోయిడెస్ రిజల్యూషన్ ఓడ అట్లాంటిక్ మధ్యలో, మాంటిల్ రాయి సముద్రపు అడుగు దాకా పైకి వచ్చిన ఒక చోట, ఆ రాయిలోనే 1,268 మీటర్లు తవ్వింది. నీటితో కలిసి చాలావరకు సర్పెంటీన్ అనే ఖనిజంగా మారిన పెరిడోటైట్ అక్కడ దొరికింది.

ఒక మాట అడుగుతాను నల్లబండ గారూ, మీ దగ్గర బ్లాకులు కోసేది డైమండ్ వైరుతోనే కదా?

నల్లబండ, కరీంనగర్:

అవును సార్, డైమండ్ వైరే. పూసలు అరిగిపోతే మార్చడానికి అయ్యే ఖర్చు చెబితే మీరు నమ్మరు. దానికీ దీనికీ సంబంధం ఏమిటి? ఇంకొకటి, అసలు మాంటిల్ ముక్క మా జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుందా? అమ్మాయికి చూపిస్తే గొడవ వదులుతుంది.

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ:

ఆ పూసల్లో ఉండే వజ్రపు రవ్వ సాధారణంగా గనిలోది కాదు, కార్ఖానాలో చేసింది. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఆ విద్య కుదిరింది. గ్రాఫైట్‌ను కరిగిన లోహంతో కలిపి, 50 వేల వాతావరణాలకు పైబడిన ఒత్తిడిలో, 1,400 డిగ్రీల దరిదాపు వేడిలో ఉంచుతారు. ఆ ఒత్తిడి భూమిలో 150 కిలోమీటర్ల లోతున ఉండేది. మాంటిల్ రాళ్లను పరిశోధించేవాళ్లు వాడే యంత్రాలూ ఇదే జాతివి. పెరిడోటైట్ పొడిని చిన్న గొట్టంలో మూసి, కావలసిన లోతుకు తగ్గ ఒత్తిడి, వేడి ఇచ్చి, హఠాత్తుగా చల్లారుస్తారు. కరిగిన భాగం గాజుగా మారుతుంది. దాని రసాయనం చూసి, ప్రకృతిలోని బసాల్ట్‌తో పోల్చి, ఏ లోతులో ఎంత కరిగిందో లెక్క కడతారు. మాంటిల్ ఒత్తిడిలో పుట్టిన వజ్రంతో మాంటిల్ ద్రవాన్ని కోస్తున్నారు మీరు, అంతే సంబంధం.

కరీంనగర్ నల్లరాయిలో మాంటిల్ ముక్క కోసం వెతకవద్దు. అలాంటి ద్రవం దారిలో ఆగి, నిలిచి, బరువైన ముక్కలను కిందికి వదిలేస్తూ వస్తుంది. ముక్కలను మోసుకొచ్చేది కింబర్లైట్ అనే మరో రకం ద్రవం. 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి వాయువుల బలంతో మహా వేగంగా ఎగదన్నుకు వస్తుంది, మాంటిల్ ముక్కలు, అదృష్టం ఉంటే వజ్రాలు వెంట వస్తాయి. మన రాష్ట్రంలో నారాయణపేట వైపు, ఆంధ్రలో వజ్రకరూరు దగ్గర కింబర్లైట్లు ఉన్నాయి. వజ్రకరూరువి సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. కంటికి ఇంపుగా, పచ్చని ఆలివిన్ ముద్దలు కావాలంటే గుజరాత్‌లో భుజ్ చుట్టూ ఉన్న చిన్న కొండలు మేలు. ఆదిలాబాద్ పడమట ఉన్న దక్కను బసాల్ట్ మీద ఆశ పెట్టుకోకండి, అదీ రసమే.

పాల్వంచ పాఠకురాలు:

మాకు దగ్గరలో గరీబ్‌పేట గార్నెట్లు, అంటే ఎర్రని రత్నపు రాళ్లు, ప్రసిద్ధి సార్. మాంటిల్‌లో గార్నెట్ ఉంటుందని చదివాను. అవి అక్కడివేనా?

విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ:

కాదమ్మా. గరీబ్‌పేటవి ఆల్మండైన్లు, ఇనుము ఎక్కువ. భూపటలంలోని రాళ్లే వేడికి, ఒత్తిడికి రూపాంతరం చెందినప్పుడు పుట్టాయి. మాంటిల్ గార్నెట్‌లో మెగ్నీషియం ఎక్కువ, దాన్ని పైరోప్ అంటారు. క్రోమియం కలిస్తే ఊదా ఛాయ వస్తుంది. పెరిడోటైట్‌లో అది ఉందంటే సాధారణంగా 60, 80 కిలోమీటర్లకు దిగువన పుట్టినట్టు, అంతకు పైన దాని బదులు స్పినెల్ అనే ఖనిజం ఉంటుంది. వజ్రాల కోసం తిరిగే భూగర్భశాస్త్రవేత్తలు వాగు ఇసుక జల్లెడ పట్టి ముందు ఏరేది ఈ ఊదా గింజలనే. అవి ఏ వాగులో ఎక్కువైతే ఆ వాగు వెంట ఎగువకు నడుస్తారు.