మడత కత్తి ఏది కొనాలి, మొన దగ్గర సాన ఎట్లా పట్టాలి?

అన్నలూ, అక్కలూ, నమస్తే. మాది నల్లగొండ దగ్గర. బత్తాయి తోటలో డ్రిప్ పైపు, సుతిలి కోయడానికి, కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో కృష్ణ ఒడ్డున టెంట్ వేసినప్పుడు వాడడానికి జేబులో పట్టే మడత కత్తి కావాలి. ఓపినెల్ అనే ఫ్రెంచ్ కంపెనీ 8వ నంబరు కత్తి బాగా నచ్చింది. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, తెరిచాక రింగు తిప్పితే లాక్ అవుతుంది. కార్బన్ స్టీల్‌కు పదును తేలిగ్గా ఎక్కుతుంది, కానీ బత్తాయి పులుపుకి మచ్చలు పడతాయి, తుడవకపోతే తుప్పే. మరి స్టెయిన్‌లెస్ మేలా?

అసలు టెన్షన్ సానతోనే. పాత కత్తిని 1000 గ్రిట్ (గ్రిట్ అంటే రాయి గరుకు నంబరు, తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) రాయి మీద, సుమారు 20 డిగ్రీల వాలులో రుద్దుతున్నా. మధ్యలో అంచుకు అవతలి వైపు సన్నటి గరుకు తేలుతోంది, మొన దగ్గర తేలడం లేదు, అక్కడ మొద్దుగానే ఉంది. వంపు వచ్చేసరికి పిడి కొంచెం పైకెత్తాలా? ముందు 400 గ్రిట్‌తో మొదలుపెట్టాలా? స్వయంగా సాన పట్టేవాళ్లు దయచేసి చెప్పండి.