చీమకుర్తి క్వారీ కార్మికులను ఎదుట కూర్చోబెట్టుకొని గీసినవారెవరైనా ఉన్నారా?

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పనిచేసే మగవారి రూపచిత్రాలను, ముఖ్యంగా ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారివి, తైలవర్ణాలలో గీయాలని సంకల్పించాను.

న్యూయార్క్ చిత్రకారిణి జోర్డన్ కాస్టీల్ హార్లెమ్ వీధుల్లో చిల్లర వ్యాపారం చేసుకునేవారిని ఫొటోలు తీసుకుని, వాటిని చూస్తూ పెద్ద పెద్ద కాన్వాసులపై చిత్రిస్తారు. మెక్సికోలో పుట్టిన అలీజా నీసెన్‌బామ్ మాత్రం వలసవచ్చిన వారిని ఎదుట కూర్చోబెట్టుకొని, వారితో మాట్లాడుతూ గీస్తారు. నాకు రెండో పద్ధతే న్యాయమనిపిస్తుంది, ఎందుకంటే తనను ఎలా చూపాలన్న విషయంలో ఆ మనిషికీ మాట ఉంటుంది. అయితే రోజంతా రాతి మధ్య శ్రమించిన మనిషిని మళ్లీ గంటలకొద్దీ కదలకుండా కూర్చోమనడానికి మనసొప్పడం లేదు.

అలా కూర్చున్న సమయానికి కూలి ఏ లెక్కన ఇవ్వడం సబబు? తెలుగు చదవలేని వారి నుంచి, బొమ్మను ప్రదర్శించడానికీ అమ్మడానికీ అనుమతి ఎలా తీసుకోవాలి?

మరొక సందేహం రంగుల గురించి. రాతిపొడి కప్పిన చామనచాయను చూపడానికి చర్మపు రంగులోనే తెలుపు కలిపితే ముఖం పాలిపోయి కళ తప్పుతోంది. చర్మపు రంగు పూర్తిగా ఆరాక, పైన పలుచగా బూడిదరంగు పొర పూయడం మేలా?

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల చిత్రకారులు తమ అనుభవాన్ని తెలుపవలసిందిగా ప్రార్థిస్తున్నాను.